గోడ సడలితేనే దారి

పిల్లలూ! మన బన్సీలాల్‌పేట్ నుండి తార్నాక దాటి ఉప్పల్ దారిన పోతే సి.సి.ఎం.బి. పరిశోధనాలయం వస్తుంది. అక్కడ డాక్టర్ మంజులా రెడ్డి బృందం బాక్టీరియా కణకవచాన్ని పరిశీలించింది.

ఈ కవచం ఉల్లిగడ్డల వలసంచి వంటిది. చక్కెర గొలుసులు దారాలు, చిన్న పెప్టైడులు ముడులు. లోపలి నీటి ఒత్తిడికి కణం పగలకుండా కాపాడేది ఇదే. అయితే ముడులు తెగనిదే సంచి పెరగదు కదా! 'ఇ. కోలై'లో వాటిని తెంపే మూడు ఎంజైములను ఈ బృందం 2012లో వెల్లడించింది. మూడూ లేకుంటే కొత్త దారం చేరదు, కణం పగిలిపోతుంది.

బాక్టీరియాతో మందులు చేయించాలంటే బయటి డి.ఎన్.ఏ. లోపలికి పోవాలి. 1982లో అమ్మకానికి వచ్చిన మానవ ఇన్సులిన్ అలా చేసిందే. గోడ మందంగా ఉన్న గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాతో పని మరీ కష్టం. అందుకే కొన్నిటిని గ్లైసీన్ కలిపిన ద్రవంలో పెంచుతారు. అలనీన్ ఉండవలసిన చోట గ్లైసీన్ దూరుతుంది, ముడులు సరిగా పడవు. అప్పుడు క్షణంలో కొంతసేపు విద్యుత్తు ఇస్తే లోపలి పొరలో రంధ్రాలు పడి డి.ఎన్.ఏ. ప్రవేశిస్తుంది.

గ్లైసీన్ ఎక్కువైతే కణమే పగులుతుంది. ఇది పప్పులో ఉప్పు లెక్కే! తర్వాత మామూలు ద్రవంలోకి మారిస్తే బతికిన కణాలు గోడ బాగుచేసుకుంటాయి. వాటిలోనూ కొత్త డి.ఎన్.ఏ. దక్కేది కొన్నిటికే.