గంజినీరు, కొబ్బరినీరు

చిరంజీవి మేనకోడలికి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరము మొన్న అందినది. వైద్యవిద్యకు కావలసిన ర్యాంకు రాక, పోషకాహారశాస్త్రము ప్రధానముగా గల డిగ్రీలో చేరితిననియు, చేరిన నాటినుండి చుట్టములలో ఎవరో ఒకరు "మూడేళ్ళు చదివి వంటలు నేర్చుకుంటావా?" అని అడుగుచున్నారనియు, ఆ మాటకు బదులు చెప్పలేక నీలో నీవే కుములుచున్నాననియు వ్రాసితివి. ముప్పదియైదు సంవత్సరములు ఆసుపత్రులలో డైటీషియనుగా పనిచేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నదానను. ఓదార్పు మాటలు నాలుగు వ్రాసి కవరు అంటించుటకు నాకు మనసొప్పలేదు. ఆ చదువునుగూర్చి నాకు తెలిసినది, నేను పొరబడి నేర్చుకొన్నది కూడ దాచక, వ్రాయుచున్నాను. తీరిక చేసికొని చదువుము.

వంట అన్న మాటకు నీవు తలవంచుకొననక్కరలేదు. అన్నము వండు తీరులోని ఒక లోపము మనుష్యుల ప్రాణములమీదికి వచ్చిన కాలము మన తెలుగునేలమీదనే ఉండెను. గడచిన శతాబ్దపు పూర్వార్ధమున, ఉత్తర సర్కారులని పేరొందిన మన కోస్తా జిల్లాలలో బెరిబెరి అను వ్యాధి వేరూని యుండెను. కాళ్ళు తిమ్మిరెక్కి, పట్టు తప్పి, కొందరికి ఒళ్ళంతయు నీరు పట్టి, తుదకు గుండె అలసిపోవు ఆ రోగమునకు మూలము మరలో పట్టిన తెల్లని పచ్చిబియ్యము. మర బియ్యపుగింజ పైపొరను గీచివేయునప్పుడు థయమిన్ అను విటమిన్ తవుడుతోపాటు చాలవరకు పోవును. మిగిలినదానిలో కొంత కడుగునీటితోను, కొంత వార్చిన గంజితోను పోవును. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టిన పిమ్మట దంచిన ఉప్పుడు బియ్యము తిను సీమలలో ఆ వ్యాధి అరుదగుటకు హేతువు, ఆ ఉడుకువేళ పైపొరయందలి విటమిన్ గింజలోనికి ఇంకిపోవుటయే. ఈ బెరిబెరి రహస్యమును ఛేదించుటకై 1918లో నీలగిరులలోని కూనూరునందు రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు ఒక్క గదిలో ప్రారంభించిన పరిశోధనయే క్రమముగా విస్తరించి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థయను పేరుతో తార్నాకలో వర్ధిల్లుచున్నది. గంజి వార్చుటలో ఏమి పోవుచున్నదని అడిగిన ప్రశ్నవంటి ప్రశ్నలనుండియే అంతటి సంస్థ పుట్టినదని ఈసారి అడిగిన చుట్టమునకు చెప్పుము.

అయితే, "గంజి పారబోయకూడదు" అని నోటుపుస్తకములో వ్రాసికొని అంతటితో తృప్తిపడితివా, నీవు సూత్రమును నేర్చితివేగాని శాస్త్రమును నేర్చినదానవు కావు. మూత్రపిండములు చెడినవారి సంగతి చూడుము. ఆరోగ్యవంతుల మూత్రపిండములు, అవసరమునకు మించిన పొటాషియమును ఎప్పటికప్పుడు వెలికి పంపివేయును. చెడిన మూత్రపిండములకు ఆ శక్తి ఉండదు. నెత్తురులో అది మితిమీరినచో గుండె లయ తప్పును. అట్టివారికి కూరగాయలను చిన్న ముక్కలుగా తరిగి, సమృద్ధిగా నీరు పోసి ఉడికించి, ఆ నీటిని వార్చి పారబోయుమని మనమే చెప్పుదుము. ఒక ఇంట పారబోయవద్దన్న నోటితోనే వేరొక ఇంట పారబోయుమని చెప్పవలసి వచ్చును. రెండింటికిని మూలసూత్రము ఒక్కటే: నీటిలో కరగునది నీటితో పోవును. పోవునది ఎవరికి కావలెను, ఎవరికి కూడదు అనునది నిర్ణయించుటకే నీ శరీరధర్మశాస్త్రము, నీ జీవరసాయనశాస్త్రము. వానిని కేవలము మార్కులకొరకు బట్టీపట్టినచో, నీ చేతిలో మిగులునది గోడకు అంటించు పట్టికయే.

ఇచ్చట నా అపరాధము ఒకటి చెప్పవలెను. సుమారు ఇరువది సంవత్సరముల క్రిందట, నేను పనిచేయుచుండిన ఆసుపత్రికి ఉద్దానమునుండి ఒక పెద్దాయన వచ్చినాడు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి మొదలైన ఊళ్ళ సీమకు ఉద్దానమని పేరు; కనుచూపు మేర కొబ్బరితోటలు, జీడితోటలు; అంతటి పచ్చదనము నడుమ, కారణము ఇదియని నేటికిని తేల్చి చెప్పరాని మూత్రపిండవ్యాధి ఇల్లిల్లును పట్టి పీడించుచున్నది. ఆయన నెత్తురులో పొటాషియం హెచ్చుగా ఉన్నది. నేను నా అనుభవమంతయు రంగరించి పట్టిక వ్రాసి యిచ్చితిని: అరటిపండు వద్దు, బత్తాయి వద్దు, టమాటా తగ్గించుడు, కూర ఉడికిన నీరు వార్చుడు. పదునైదు దినములకు మరల వచ్చినప్పుడు అంకె తగ్గలేదు సరికదా, మరికొంత పెరిగియుండెను. ఆయన చాటుగా ఏవో తినుచున్నాడని భావించి, ఆయన భార్యను నలుగురిలో కఠినముగా మందలించితిని. ఆమె కన్నీరు పెట్టుకొన్నది. పక్కన నేల తుడుచుచున్న ఆయమ్మ, ఆ ప్రాంతపు మనిషియే, తల ఎత్తి "బొండాలు గానీ తాగుతున్నావా మావయ్యా?" అని అడిగినది. ఆయన ఆశ్చర్యపడి, "తాగకుండా ఎలా? మా తోటవే. రోజుకి రెండో మూడో. అవి నీళ్ళే గదమ్మా, తినేవి కావు గదా" అన్నాడు.

ఒక్క బొండమునందలి నీటిలో అరగ్రాము వరకు, కొన్నింట అంతకు మించియు, పొటాషియం ఉండును. ఆయన నన్ను మోసగింపలేదు. నేను ఆయనను "ఏమి తినుచున్నారు?" అని అడిగితిని, ఆయన తినుచున్నదంతయు చెప్పినాడు. త్రాగుచున్నదేమో నేను అడుగలేదు. డిగ్రీ పట్టములు రెండు గోడకు వ్రేలాడదీసికొన్న నాకు తట్టని ప్రశ్న, ఆ ఆయమ్మకు తట్టినది. ఏలయనగా ఆమె ఆ ఊరి జీవితమును ఎరుగును. ఆ ఇల్లాలికి అప్పుడే క్షమాపణ చెప్పుకొంటిని. ఆమె మన్నించినది గాని ఆ కన్నీరు నాకు ఇప్పటికిని గుర్తున్నది.

కావున, నీ మూడేండ్ల చదువులో దేనిని ప్రాణముగా పట్టుకొనవలెనని నన్నడిగితివేని, అడుగుటను నేర్చుకొనుమందును. గడచిన ఇరువదినాలుగు గంటలలో మనిషి తిన్నదానిని రాబట్టు పద్ధతిని మీకు ప్రాక్టికల్సులో చెప్పెదరు. చాలమంది పిల్లలు దానిని మార్కులు సులువుగా వచ్చు పాఠమని తేలికగా చూతురు. అంతకంటె కష్టమైనది ఆ సిలబస్సులో లేదు. "ఉదయం టిఫిన్ ఏమి?" అని అడుగుటలోనే, ఉదయము టిఫిన్ తినుట సహజమని నీవు ఊహించితివి, చద్దన్నము తిను కూలివానికి దానిని చెప్పుటకు అప్పుడే నోరు రాదు. "నిద్ర లేచింది మొదలు చెప్పండి" అని ఊరకుండవలెను. తినినది కొలతలోనికి తెచ్చునప్పుడు వారి గరిటెను, వారి గిన్నెను చూపించుమని అడుగవలెను. ఒక ఇంటి గరిటె వేరొక ఇంటి గరిటెకు రెట్టింపు ఉండును. పుస్తకములోని అంకెలు చాలవరకు వండని పదార్థమునకు చెందినవని మరువరాదు: నూరు గ్రాముల బియ్యములో సుమారు 350 కాలరీలున్నవన్నచో, అదే తూకముగల అన్నములో అందు మూడవవంతుకు కొంచెము అటునిటుగా మాత్రమే ఉండును. ఈ ఒక్క తేడా మరచి లెక్కలు తప్పిన డైట్ చార్టులను నేను ఎన్నో దిద్దితిని.

ఇంకొకటి అడుగవలెను: ఇంటిలో ఎవరు చివర తిందురు? 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదునైదు మొదలు నలుబదితొమ్మిది సంవత్సరముల వయసుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. మనము వారికి తోటకూర తినుమనియు, మునగాకు తినుమనియు, భోజనముతో నిమ్మకాయ పిండుకొనుమనియు, తిన్న వెంటనే టీ త్రాగవద్దనియు చెప్పుదుము. అన్నియు సత్యములే. కాని అందరికిని వడ్డించి, గిన్నె అడుగున మిగిలిన పులుసుతో అన్నము కలుపుకొను ఆడుదానికి ఆ తోటకూర చేరుచున్నదా? ఆ ప్రశ్న వేయనిచో నీ సలహా ఆమె భర్తకు బలము చేకూర్చును.

జనులు "వేడి చేస్తుంది", "చలవ చేస్తుంది", "వాతం చేస్తుంది" అనుచుందురు. క్రొత్తగా చదివిన పిల్లలు ఆ మాటలు వినగానే చిరునవ్వు నవ్వుదురు, నీవు నవ్వకుము. అది వారి పోషకశాస్త్రము; దానిలో నిలుచునదియు కలదు, నిలువనిదియు కలదు. చిన్న ముద్ద అన్నము, కారప్పొడి పెట్టి, బాలింతకు మంచినీళ్ళు కూడ కొలిచి యిచ్చు ఇళ్ళను నేను చూచితిని. ముర్రుపాలు బిడ్డకు అరగవని పిండి పారబోసిన ఇళ్ళను కూడ చూచితిని. ఈ రెండింటితోను నీవు పోరాడవలసినదే, సందేహము లేదు. అయినను, ఆ బాలింతకు వెల్లుల్లి వేసి పెట్టిన కూరను తప్పుపట్టకుము. దానివలన హాని లేదు, పెట్టిన అత్తగారి మనసున ఆదరమున్నది. మంచినీళ్ళ విషయమున నీ మాట ఆమె వినవలెనన్నచో, వెల్లుల్లి విషయమున ఆమె మాట నీవు వినవలెను.

నేడు చిరుధాన్యముల మాట ఎచ్చటజూచినను వినబడుచున్నది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది కూడ. నాకును జొన్నరొట్టె ప్రియమే. అయినను, జొన్నను సర్వరోగనివారిణిగా స్తుతించు ఉపన్యాసములు విన్నప్పుడు, హైదరాబాదు ఆసుపత్రులలో ఒకప్పుడు జొన్నతప్ప వేరొక తిండి ఎరుగని నిరుపేదలకు పెల్లగ్రా వచ్చుచుండుటను, ఎండ తగిలిన మెడమీద, చేతులమీద చర్మము నల్లబడి పెచ్చులూడుటను, 1960 ప్రాంతమున సి. గోపాలన్ గారును వారి సహచరులును జొన్నలోని ల్యూసిన్ ఆధిక్యమును దానికి కారణముగా శంకించి పరిశోధించుటను తలచుకొందును. దోషము జొన్నది అని నేననను; జొన్న ఒక్కటియే కంచములో ఉండుట దోషము. ఏ ధాన్యమునకును గుడి కట్టకుము, దేనినిని వెలివేయకుము.

రసాయనశాస్త్రమన్న భయమని వ్రాసితివి. నీ ప్రయోగశాలలో ఒకనాడు భాస్వరమును లెక్కించు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి వచ్చును. ఆ సుబ్బారావు మన భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. సోదరులను స్ప్రూ వ్యాధి పొట్టనబెట్టుకొనగా, ఆ దుఃఖమును గుండెలో మోసికొని అమెరికా వెళ్ళిన ఆ మహానుభావుని బృందము, 1940లలో ఫోలిక్ ఆమ్లమును సంశ్లేషించినది. నేడు గర్భిణి అంగన్‌వాడీలో మ్రింగు మాత్రలో ఉన్నది అదియే. మన ఉద్దానపు పెద్దాయనవంటి రోగులకు భాస్వరము కూడ పరీక్షింపవలసి యుండును. టెస్టుట్యూబులో నీలిరంగు తేలినప్పుడు, దాని వెనుక ఎవరి ఇల్లు ఉన్నదో తలచుకొనుము. భయము కొంత తగ్గును.

ఉద్యోగముల మాట సంక్షేపముగా చెప్పెదను. డిగ్రీతోనే పెద్ద ఆసుపత్రిలో డైటీషియను కాగలనని ఆశింపకుము. స్నాతకోత్తరవిద్యయు, వార్డులలో నెలలతరబడి శిక్షణయు కావలెను. మన వృత్తిని గుర్తించుచు 2021లో పార్లమెంటు చేసిన చట్టము వచ్చినది గనుక, నా కాలములో లేని గౌరవము నీకు దొరకవచ్చును. ఒక్కటి మాత్రము ఆజ్ఞగా తీసికొనుము: డబ్బాలో పొడి అమ్మువారు నీ యొద్దకు వచ్చి, ఒక్కొక్క డబ్బాకు ఇంతయని కమీషన్ ఇచ్చెదమందురు. అంగీకరింపకుము. రెండుపూటల పప్పు కొనలేని వానిచేత ఆ డబ్బా కొనిపించినచో, నేను నీకు మేనత్తనని చెప్పుకొనను.

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయెదవు గదా. ఒక పని పెట్టుచున్నాను. మీ నానమ్మ ముందర కూర్చుండి, ఆమె నిన్న లేచినది మొదలు పండుకొనువరకు ఏమేమి తిన్నదో, ఏమేమి త్రాగినదో, ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాసి నాకు పంపుము. నేనడిగినచో మా అమ్మ నిజము చెప్పదు; నలుబది ఏండ్లుగా నేను ఆమె కంచమును దిద్దుచుంటిని, ఆమెకు విసుగు పుట్టినది. నీకు చెప్పును. నడుమ అడ్డుపడి ఇది కూడదనకుము, అది మేలనకుము, ఆమె ఆగినప్పుడు "తరువాత?" అని మాత్రము అడుగుము. మధ్యాహ్నము భోజనము తరువాత ఆమె తాంబూలము వేసికొనును, దానిని ఆమె తిండిక్రింద లెక్కింపదు. సున్నము వేలిచివర ఎంత తీసికొన్నదో చూచి, అది కూడ వ్రాయుము.

ఇట్లు,
నీ మేనత్త