పండుగ చెట్టుకు లక్క అలంకారాలు

మన పూర్వులు కళలను అరువది నాలుగుగా లెక్కించారు. ఆ పట్టికలో సంగీత నృత్యాల సరసన తక్షణము, అనగా కొయ్యపని, కూడ ఉన్నదని చాలమంది మరచిపోతారు. వీణ వాయించినవాని పేరు లోకానికి తెలుస్తుంది. వీణ చేసినవాని పేరు అడిగేవారుండరు. ఏటికొప్పాక విషయమూ ఇంచుమించు అంతే. ఆ ఊరి లక్కబొమ్మలను ఎరుగనివారు మన విద్యార్థులలో అరుదు; అవి ఎట్లా తయారగునో చెప్పగలవారు మరింత అరుదు. అందుచేత ఆ పనితనంలోని ఒక చిన్న శాఖను, క్రిస్మసు చెట్టుకు వ్రేలాడదీసే అలంకారాలను, ఈ వ్యాసమున పరిశీలింతము.

చలిదేశాలలో ఈ అలంకారాలను ఫెల్టుతో ఇంటిలోనే కుట్టుకొనే ఆచారం ఉన్నది. ఉర్దూ విద్యార్థులు ఫెల్టును నమ్దా అంటారు; ఆ మాట పారసీకం నుండి వచ్చినది. ఇది మగ్గముపై నేసిన బట్ట కాదు. ఉన్ని పోగుపై కంటికి కనబడని పొలుసులుంటాయి. వేడినీరు, సబ్బు తగిలించి పిసికినకొద్దీ ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని, మరల విడదీయరాని దళసరి గుడ్డ ఏర్పడుతుంది. దానిని ఎటు కత్తిరించినా అంచున పోగు ఊడదు. కాబట్టి పసిపిల్ల కూడ నక్షత్రాన్నో పిట్టనో కత్తిరించి కుట్టగలదు. అమ్మమ్మ కుట్టిన నక్షత్రాన్ని ఏటేటా పెట్టెలోనుండి తీసి కొమ్మకు కట్టడం అక్కడ కొన్ని ఇళ్ల సంప్రదాయం. మన వైపు ఉన్ని ఉన్నచోట, తెలంగాణ రాయలసీమలలో, అది గొంగడిగా మగ్గమెక్కినది. మన వరాహనది ఒడ్డున దొరికినవి కర్ర, లక్క. ఏ నేల దేనిని ఇస్తే ఆ నేల పండుగ దానితోనే జరుగుతుంది.

ఏటికొప్పాక యలమంచిలి మండలంలోని గ్రామం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విభజించినప్పుడు విశాఖపట్నం జిల్లా నుండి మన అనకాపల్లి జిల్లాలోకి వచ్చినది. ఇక్కడివారు వాడేది అంకుడు కర్ర. అది తెల్లగా, మెత్తగా, ఈనె తెలియకుండా ఉంటుంది. ఉలికి ఎదురు తిరుగదు. కర్రను బాగా ఆరనిచ్చి, లేతుకు బిగించి, తిరుగుతుండగా ఉలితో ఆకారం తీస్తారు. పూర్వం ఒకరు త్రాడు లాగుతూ త్రిప్పుతుంటే మరొకరు ఉలి పట్టేవారు. ఇప్పుడు ఆ త్రిప్పే పని విద్యుత్తు చేస్తున్నది. గంట, గోళము, చిన్న చెట్టు, రెక్కల దేవదూత, వీటిలో ఏది చేసినా బల్లమీద నిలిచే బొమ్మకు లేని చిక్కు ఒకటి ఎదురవుతుంది. కొమ్మకు వ్రేలాడవలసినది బరువుగా ఉండరాదు. కనుక వస్తువు చిన్నది కావాలి, గంటవంటి దానికి లోపల తొలవాలి, గోడ పలుచనైనకొద్దీ ఉలి పట్టిన చేయి నిదానించాలి.

రంగు వేయడం ఇంకా వింత. కుంచె లేదు, నూనె లేదు. లక్కను నిప్పుసెగపై మెత్తబరచి, రంగు కలిపి, లాగి మడిచి మరల లాగి కడ్డీలుగా చేస్తారు. బెల్లపు పట్టణంలో పుట్టినవారికి తీగపాకం సంగతి వేరుగా చెప్పనక్కరలేదు గదా! తిరుగుతున్న కర్రకు ఈ కడ్డీని అదిమిపట్టగా రాపిడి వేడికే లక్క కరగి పూతగా అంటుకొంటుంది. ఆపై మొగలి ఆకుతో ఒత్తగా నిగారింపు వస్తుంది. లక్క ఎంత త్వరగా వేడికి లొంగునో భారతంలోని లక్క ఇల్లు మనకు ఏనాడో నేర్పినది. ఆ గుణమే ఇక్కడ పనికి వచ్చినది.

రంగుల విషయంలో ఒక పెడదారి, దానినుండి మరలుట కూడ జరిగినవి. చౌకగా దొరికే రసాయనపు రంగులు వచ్చి చెట్ల రంగులను వెనుకకు నెట్టినవి. బొమ్మ పసివాని నోటికి చేరే వస్తువు. కొన్ని రసాయనపు రంగులలో సీసము ఉంటుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, కరక్కాయ మొదలైనవాటి రంగులను మరల లక్కలో నిలిచేటట్లు చేయుటకు ఆ గ్రామానికే చెందిన సి. వి. రాజుగారు ఏండ్ల తరబడి పాటుపడ్డారు. ఆయనకు 2023లో పద్మశ్రీ లభించినది. అంతకుముందే 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఈ బొమ్మలదే.

తమ పండుగ కాని పండుగకు అలంకారాలు చేయడమేమిటని కొందరు అడుగవచ్చును. ఈ ప్రశ్న నాకు బొత్తిగా నచ్చదు. శ్రీనగర్‌లో కాగితపు గుజ్జుతో క్రిస్మసు గోళాలు చేసి, వాటిపై పూలు తీర్చి విదేశాలకు పంపుతున్న పనివారు ముస్లిములే. జర్మనీలో సైఫెన్ అనే కొండ గ్రామం ఉన్నది. గనులు క్షీణించిన తరువాత అక్కడివారు లేతును నమ్ముకొని బ్రతికారు. కర్రను చక్రంలాగా తరచి, ఆ చక్రాన్ని రొట్టెవలె ముక్కలు కోస్తే ఒక్కొక్క ముక్క ఒక్కొక్క జంతువై వస్తుంది! చేతిపనికి మతం అంటగట్టేవారు ముందు దాని కూలి సంగతి ఆలోచించవలె.

అసలు చిక్కు ఆ కూలియే. నరసాపురం లేసును చూడుడు. దానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. కాని మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లోనే ఆ లేసు అల్లే స్త్రీలపై గ్రంథము ప్రచురించారు. ప్రపంచపు అంగళ్లకు సరకు అల్లుతున్నా వారిని శ్రామికులుగా ఎవరూ లెక్కించలేదనీ, ఇంటి ఇల్లాలి తీరిక పనిగానే చూచారనీ ఆమె చూపించారు. గుర్తింపు పత్రము సరకుకు వస్తుంది. అది దానంతట అది కూలి పెంచదు. తండ్రి పక్కన కూర్చుండి ఉలి నేర్చిన కుర్రవాడు ఆ లేతు వద్దనే ఉండునా, విశాఖకు ఉద్యోగానికి పోవునా అన్నది ఈ లెక్కపైననే ఆధారపడి ఉన్నది.

రెండవ చిక్కు కర్ర. కొట్టినంత వేగంగా అంకుడు పెరుగదు, దొరకడం కష్టమవుతున్నది. వృక్షశాస్త్ర విద్యార్థులు దీనిని రైటియా టింక్టోరియా అను పేరుతో ఎరుగుదురు. జంట కాయలు కొసన కలిసి వ్రేలాడుతుంటాయి. పగిలినప్పుడు పట్టుకుచ్చు కట్టుకొన్న విత్తులు గాలిలో ఎగురుతాయి. కళాశాల యాజమాన్య సంఘమువారికి నా మనవి ఒక్కటే. ప్రహరీ వెంట ఈ సంవత్సరం అంకుడు మొక్కలు కొన్ని నాటించవలెను. నాటుటకు ముందు తెలుగు, ఉర్దూ, వృక్షశాస్త్ర విద్యార్థులను ఒక దినము ఏటికొప్పాకకు పంపి, లేతు ప్రక్కన కూర్చుండబెట్టవలెను.