అచ్చు ఆపేయాలా?

ప్రశ్న: అమెరికాలో మా యూనివర్సిటీ విద్యార్థి దినపత్రికలో పనిచేస్తున్నాను. ప్రకటనలు పడిపోయాయి. అచ్చు ఆపేయమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఆపకండి, తగ్గించండి. 1877లో మొదలైన కొలంబియా యూనివర్సిటీ విద్యార్థి పత్రిక స్పెక్టేటర్ 2014లో రోజూ అచ్చేయడం మాని వారపత్రికయింది. కొత్త విద్యార్థులు చేరే వారం, స్నాతకోత్సవం సంచికలు మాత్రం లావుగా తీసుకురండి. అద్దె ఇళ్లవాళ్లు, పిజ్జా కొట్లవాళ్లు ప్రకటనలకు ఒప్పుకునేది అప్పుడే. స్టాండ్లలో మిగిలిన కాపీలు లెక్కపెట్టి, ఆ మేరకు ప్రింట్ ఆర్డర్ కోసేయండి. యూనివర్సిటీ సొమ్మిస్తానంటే తొందరపడొద్దు, రేపు ఏదైనా వార్త ఆపమనొచ్చు. నార్త్ కరోలినా యూనివర్సిటీ విద్యార్థి పత్రిక డైలీ టార్ హీల్ 1993 నుంచి విద్యార్థుల ఫీజు లేకుండానే నడుస్తోంది. మీ పత్రికలో పనిచేసి వెళ్లి స్థిరపడినవాళ్లను విరాళం అడగండి, మొహమాటమెందుకు? ఇంకోటి: ప్రకటనల మేనేజర్ పట్టా పుచ్చుకుని వెళ్లిపోయేలోపు కొట్లవాళ్ల ఫోన్ నంబర్లు జూనియర్ చేతికి అందాలి.