హాలీ సిక్కా

1936 వరకు మన గంజాము చెన్నపురి రాష్ట్రములో నుండుటచే మన తాతలెరిగినది ఇంగ్లీషు రూపాయియే. నైజాము తెలుగువారు దానిని కల్దారనిరి. వారి సొంత నాణెము చార్మినారు బొమ్మగల హాలీ సిక్కా. రెండవ ప్రపంచయుద్ధమున వెండి కరవై అందు వెండి పాలు తగ్గించిరి. పిదప చిల్లర అణాలను నికెలుతో ముద్రించిరి. 1948లో సంస్థానము భారతదేశమున చేరినను సిక్కా వెంటనే పోలేదు. 6 కల్దార్లకు 7 హాలీలు మారకము. అనగా నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు! లెక్కరాని కూలివానికి పైలే కాదు, అణాలును పోవును. 1959లో దాని చెల్లుబాటు ముగిసెను. తల్లిదండ్రులారా, ఇంట నట్టి నాణెమున్నచో కంసాలికీయక, దానిని చూపి పిల్లలచేత ఈ లెక్క చేయింపుడు.