ఇరవై డాలర్ల పేక

నేను సియాటిల్ పక్కన బెల్‌వ్యూకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద వచ్చింది 1998లో. ఆఫీసులో భోజనాలయ్యాక నలుగురు ఒక బల్ల చుట్టూ చేరి రంగురంగుల ముక్కలు పరిచి ఆడుతుంటే, గుంటూరు జిల్లాలో రమ్మీ మధ్య పెరిగిన నా కాళ్లు అటే లాగాయి. ఆ ఆట పేరు మ్యాజిక్: ది గ్యాదరింగ్. రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే లెక్కల పండితుడు దాన్ని తయారుచేస్తే, విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ 1993లో అచ్చేసి అమ్మింది. ఆ కంపెనీ ఉన్నది మా పక్క ఊరు రెంటన్‌లోనే. ముక్కలు మనమే కొనుక్కోవాలి, పేక మనమే కట్టుకోవాలి, ఎదుటివాడి 20 లైఫ్ పాయింట్లనూ సున్నాకి దించాలి. ఇంతే ఆట.

ఇంతేగా అని దిగి, పాతికేళ్లలో చాలా డబ్బు తగలేశాను. ఇప్పుడు శనివారం సాయంత్రాలు చుట్టుపక్కల తెలుగు పిల్లలు ఏడెనిమిది మంది మా వంటింటి బల్ల దగ్గరికి ఆడటానికి వస్తారు. దింపడానికి వచ్చిన తల్లులు గుమ్మంలో నిలబడి అడిగేది ఒక్కటే: "అన్నయ్యగారూ, దీనికి ఎంతవుతుందండీ?" ఇరవై డాలర్లు అంటాను. నమ్మరు. వాళ్ల కోసం, వాళ్ల పిల్లల కోసం నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠాలు ఇవి. పిల్లలు డెక్ అంటారు, నాకు పేక అనడమే అలవాటు.

1. సీలు ప్యాకు లాటరీ టికెట్టు

కొత్తలో, జీతం పడిన ధైర్యంతో 36 ప్యాకుల పెట్టె ఒకటి కొన్నాను. అప్పట్లో ప్యాకుకి 15 ముక్కలు. మొత్తం 540. రాత్రి రెండింటి దాకా నేల మీద కూర్చుని చింపాను. మా ఆవిడ మంచినీళ్లకి లేచి వచ్చి, ఆ రేపర్ల కుప్ప చూసి "దీపావళి మర్నాడు వాకిలిలా ఉంది" అని వెళ్లి పడుకుంది. తెల్లారి చూసుకుంటే అయిదు రంగుల్లోనూ ముక్కలున్నాయి, ఏ రంగులోనూ ఒక పేకకి సరిపడా లేవు. ప్యాకులో బాగా అరుదైన రేర్ ఒకటి, కాస్త అరుదైన అన్‌కామన్లు మూడు, మిగతావన్నీ మామూలు కామన్లు. 2024 నుంచి ప్లే బూస్టర్ అని 14 ముక్కల ప్యాకు వస్తోంది. లెక్క కాస్త మారింది గానీ, మనకి కావలసిన ముక్క అందులో ఉంటుందన్న హామీ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

కావలసిన ముక్కని విడిగా కొనండి. సింగిల్స్ అంటారు. ఇక్కడి షాపుల్లో ఓ మూల పొడుగాటి అట్టపెట్టెల్లో కామన్లు పోసి ఉంచుతారు. రైతుబజారులో బెండకాయలు ఏరినట్టు నిలబడి ఏరుకోవచ్చు, ముక్క పది సెంట్లకో పాతిక సెంట్లకో వస్తుంది. ప్యాకు చింపే సరదా మరీ పీకుతుంటే, స్నేహితులతో కలిసి డ్రాఫ్ట్ ఆడండి. మనిషికి మూడు ప్యాకులు, చింపినవాటితోనే ఆట. డబ్బు పోయినా ఒక సాయంత్రం మిగులుతుంది.

2. ధర చూసి బలం లెక్కకట్టొద్దు

శివన్ డ్రాగన్ అని ఒక ముక్క ఉంది. 1993లో మొదటి విడతగా వచ్చిన ఆల్ఫా ముద్రణలోది కొనాలంటే ఆస్తులు చూసుకోవాలి. అదే డ్రాగన్‌ని తర్వాత ఎన్నోసార్లు మళ్లీ అచ్చేశారు, అవి డాలరులోపే దొరుకుతాయి. రెండింటినీ దించడానికి పట్టే శక్తి, అంటే మానా, ఆరే. రెండూ 5/5 బలంతోనే (కొట్టడానికి అయిదు, తట్టుకోవడానికి అయిదు) ఎగురుతాయి. దెబ్బ తిన్నవాడికి తేడా తెలియదు.

1995లో క్రానికల్స్ పేరుతో పాత ముక్కల్ని మళ్లీ అచ్చేస్తే, దాచుకున్నవాళ్లు గగ్గోలు పెట్టారు. మర్నాడు తమ ముక్కలు చిత్తుకాగితాలవుతాయని వాళ్ల భయం. దాంతో 1996లో కంపెనీ రిజర్వ్‌డ్ లిస్ట్ ప్రకటించింది. అందులోవి మళ్లీ అచ్చెయ్యం అని మాట ఇచ్చింది. చుక్కలనంటే ధరల్లో చాలావాటి వెనక ఉన్న కథ అదే. అరుదుతనానికి పెట్టిన వెల అది. మన వంటింటి బల్ల మీద ఆటకి దాంతో పనిలేదు.

3. ఎలా గెలుస్తావో ఒక్క ముక్కలో చెప్పు

నా మొదటి పేకలో దేవదూతలు, పిశాచాలు, చేపలు, చెట్లు అన్నీ ఉండేవి. పెళ్లి భోజనంలో అన్నీ ఒకే ఆకులో కలిపేసుకున్నట్టు. ఇప్పుడు నా దగ్గరికి కొత్తగా వచ్చిన పిల్లల్ని ముందు ఒకటే అడుగుతాను: "నాన్నా, దీంతో ఎలా గెలుస్తావు?" వాడు "చిన్న గాబ్లిన్లతో త్వరగా కొట్టి, మిగిలింది మంట పెట్టి ముగిస్తా అంకుల్" అంటే పేక ఉన్నట్టు. "ఈ డ్రాగన్ చూడండి, ఈ దయ్యం చూడండి" అని ఒక్కొక్కటీ తీసి చూపిస్తుంటే ఇంకా లేనట్టు.

డబ్బు తక్కువున్నవాడికి ఈ పాఠం మరీ ముఖ్యం. పది సెంట్ల ముక్కలు పది ఒకే పని మీద పడితే, ఎవరి దారి వాళ్లదైన పది డాలర్ల ముక్కల్ని తేలిగ్గా ఓడిస్తాయి.

4. అరవై అంటే అరవయ్యే

పేకలో కనీసం 60 ముక్కలుండాలన్నది రూలు. ఎక్కువ ఉండకూడదని రూలేం లేదు, అది మనం పెట్టుకోవలసింది. ఓసారి ఒక పిల్లవాడు 83 ముక్కలతో వచ్చాడు. "అన్నీ బాగున్నాయి అంకుల్, ఏదీ తీయలేను" అన్నాడు. కాగితం తీసి లెక్క చూపించాను. మానా ఇచ్చే బేసిక్ ల్యాండ్లు తప్ప ఏ ముక్కయినా నాలుగు దాటకూడదు. 60లో నాలుగుంటే, మొదట పంచుకునే ఏడు ముక్కల్లో అందులో ఒకటైనా పడే అవకాశం 40 శాతం. 83లో నాలుగైతే 30 శాతం. 60లో ఒక్కటే పెట్టుకుంటే 12 శాతం కూడా లేదు. నాకిష్టమైన ముక్క నా చేతికి రావాలంటే, అంతగా ఇష్టంలేనివాటిని బయట పెట్టాలి.

వాడు ఆ రోజు 23 ముక్కలు తీశాడు. చివరి మూడింటికీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

5. ల్యాండ్ల దగ్గర కక్కుర్తి వద్దు, రంగు ఒకటి చాలు

రమ్మీలో జోకర్లు నాలుగు పడ్డా సహజ సీక్వెన్సు లేకపోతే షో లేదు. ఇక్కడ ల్యాండ్లు అలాంటివి. ముక్క దించాలంటే మానా కావాలి, మానా ల్యాండు ఇస్తుంది. "ల్యాండ్లు బోర్ అంకుల్" అని పద్నాలుగు పెట్టుకొచ్చేవాళ్లుంటారు. అలాంటి పేకలో మొదటి చేతికి సగటున ఒకటిన్నర ల్యాండే వస్తుంది. చేతినిండా డ్రాగన్లు పట్టుకుని మూడు రౌండ్లు బిక్కమొహం వేసుకుని కూర్చుంటారు. మామూలు పేకకి 24 ల్యాండ్లు పెట్టండి. అన్నీ ఒకటి, రెండు మానాల ముక్కలే అయితే 20 సరిపోతాయి.

ఇక రంగు. తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ అని అయిదు. ఖరీదైన పేకల్లో డబ్బంతా ఎక్కడ పోతుందో చాలామందికి తెలియదు. రాక్షసుల మీద కాదు, నేల మీద. రెండు రంగుల మానా ఇచ్చే 1993 నాటి అసలు డ్యూయల్ ల్యాండ్లు రిజర్వ్‌డ్ లిస్టులో ఉన్నాయి, ఒక్కొక్కటి వందల డాలర్లు. ఒకే రంగులో కట్టుకున్నవాడికి ఆ బెడదే లేదు. బేసిక్ ల్యాండ్లు ఇంచుమించు ఉచితం. డ్రాఫ్ట్ ఆడినవాళ్లు బల్ల మీదే వదిలేసి పోతారు. రెండో రంగు కావాల్సిందే అనుకుంటే ఎవాల్వింగ్ వైల్డ్స్ అనే కామన్ ల్యాండు నాలుగు వేసుకోండి. ఒక రౌండు ఆలస్యమైనా కావలసిన బేసిక్ ల్యాండు తెచ్చిపెడుతుంది.

6. పది రకాలు, నాలుగేసి, ఇరవై ల్యాండ్లు

కొత్తవాడికి ఇంతకంటే తేలికైన కొలత లేదు. పది రకాల ముక్కలు నాలుగేసి చొప్పున 40, ల్యాండ్లు 20, మొత్తం 60. నా ఎర్ర పేక ఇలాగే కట్టాను. కొన్ని ముక్కలు విప్పి చూపిస్తాను.

రేజింగ్ గాబ్లిన్: ఒక్క మానా. దిగిన రౌండులోనే కొడుతుంది. మాగ్ ఫనాటిక్: ఇదీ ఒక్క మానాయే. కావాలనుకున్నప్పుడు తను చచ్చి, ఎదుటివాడికో వాడి జీవికో ఒక పాయింటు దెబ్బ వేస్తుంది. మాగ్ వార్ మార్షల్: రెండు మానా, తనతోపాటు ఇంకో గాబ్లిన్‌ని వెంటబెట్టుకొస్తుంది. లైట్నింగ్ బోల్ట్: ఒక్క మానాకి మూడు పాయింట్ల దెబ్బ. గాబ్లిన్ గ్రెనేడ్: మన గాబ్లిన్‌ని ఒకదాన్ని బలి ఇస్తే, ఒక్క మానాకే అయిదు పాయింట్లు.

ఇప్పుడు లెక్క చూడండి. 20 పాయింట్లు తీయాలంటే బోల్టులే ఏడు కావాలి, పేకలో నాలుగే ఉంటాయి. నాలుగూ చేతికొచ్చినా తెగేది 12. మిగతా 8 గాబ్లిన్లు కొరికి తీయాలి. అందుకే మొదటి రౌండు నుంచే వాటిని దించాలి, ఆగకూడదు. ఎదుటివాడికి 8 మిగిలి, నా ముందు రెండు ల్యాండ్లు, ఒక గాబ్లిన్, చేతిలో గ్రెనేడ్, బోల్ట్ ఉంటే ఆట ముగిసినట్టే. అయిదూ మూడూ ఎనిమిది. రమ్మీలో ఆఖరి ముక్క పడ్డప్పటి ఆనందం సరిగ్గా ఇదే. గ్రెనేడ్లకీ బోల్టులకీ డాలరు చిల్లర చొప్పున పోయింది, మిగతావి చిల్లరలో వచ్చాయి. మొత్తం 17 డాలర్లు.

ఇంకా కట్టడి కావాలంటే పాపర్ ఆడండి. పేకలో కామన్లు తప్ప ఇంకేం ఉండకూడదు. కంపెనీ 2019లో దానికి అధికారికంగా గుర్తింపు ఇచ్చింది.

7. స్లీవ్ వెయ్యండి, బజ్జీ తిన్న చేత్తో ముట్టుకోకండి

ఈ పాఠానికి వివరణ అక్కర్లేదు. మా ఇంట్లో నూనె మరకతో ఉన్న బోల్ట్ ఒకటి ఉంది. వెనక్కి తిప్పినా అది బోల్టే అని అందరికీ తెలుస్తుంది. వంద స్లీవ్‌లకయ్యేది కొద్ది డాలర్లు. అరవైకీ ఒకే రంగు తీసుకోండి.

8. ముక్క లేకపోతే రాసుకోండి, కానీ చెప్పి ఆడండి

కొనేముందు పరీక్షించాలంటే, స్లీవ్‌లో బేసిక్ ల్యాండు ముందు చిన్న చీటీ పెట్టి, ముక్క పేరు, మానా, చేసే పని పెన్నుతో రాసుకోండి. ప్రాక్సీ అంటారు. అయిదారు ఆటలు ఆడితే అది అవసరమో కాదో తేలిపోతుంది. నేను అలా రాసుకున్నవాటిలో సగానికి సగం కొననే లేదు. బల్ల దగ్గరివాళ్లకి ముందే చెప్పి ఒప్పించుకోవాలి. అధికారిక టోర్నమెంట్లలో ఒప్పుకోరు. అచ్చం అసలుదానిలా అచ్చేయించి అమ్మడం మోసం, దాని జోలికి పోవద్దు.

9. కమాండర్‌కి సిద్ధంగా ఉన్న పేక కొనుక్కోండి

కమాండర్ పద్ధతిలో పేకకి 100 ముక్కలు, బేసిక్ ల్యాండ్లు తప్ప ఏదీ రెండోది ఉండకూడదు, మనిషికి 40 లైఫ్, ఎక్కువగా నలుగురు ఆడతారు. కబుర్లకి బాగుంటుంది. విడివిడిగా కట్టబోతే ఖర్చు చేయి దాటుతుంది. 2011 నుంచి కంపెనీయే ఆడటానికి తయారుగా ఉన్న పేకల్ని అమ్ముతోంది. ఒకటి కొని, నాలుగైదు వారాలు ఆడి, నెలకి రెండు ముక్కలు మార్చుకుంటే చాలు.

ఖరీదైన ముక్కని బంగారంలా చూడకండి. 2024 సెప్టెంబరులో కమాండర్‌లో మానా క్రిప్ట్, జ్యువెల్డ్ లోటస్ ముక్కల్ని నిషేధించారు. ముందురోజు దాకా పెద్ద ధర పలికినవి ఒక్కసారిగా పడిపోయాయి. ఆడుకోవడానికి కొన్నదానికి ఆటలోనే ఫలితం రావాలి.

10. బల్ల చదునుగా ఉండాలి

కొడుకు ఓడిపోతున్నాడని మా గుంపులో ఒక తండ్రి టోర్నమెంటు పేక ఒకటి మొత్తంగా కొనిచ్చాడు. నాలుగు వందల డాలర్లు. ఆ శనివారం పిల్లవాడు ఆరాటలాడి ఆరూ గెలిచాడు. పై శనివారం వాడి ఎదుటి కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఎవరూ ఏమీ అనలేదు, తలో బల్ల చూసుకున్నారంతే. కాసేపటికి వాడు వంటింట్లో నా వెనకొచ్చి నిలబడి, "అంకుల్, మీ డబ్బాలో కామన్లు చూడొచ్చా?" అన్నాడు.

ఆ రోజే రూలు పెట్టాను. పేక ఖరీదు ఇరవై డాలర్లు దాటకూడదు. బేసిక్ ల్యాండ్లు లెక్కలోకి రావు. ఏ ముక్క ఎంతకి కొన్నారో కాగితం మీద రాసి తేవాలి. గెలిచినవాడు ఓడినవాడి పేక చూసి ఒక్క సలహా చెప్పాలి. మూడేళ్లుగా ఈ రూలు మీదే ఆట నడుస్తోంది.

మీ ఇంట్లోనూ పిల్లలు ఈ ఆట మొదలుపెడితే, ముందు వాళ్ల చేతికి ఇరవై డాలర్లూ ఒక పెన్సిలూ కాగితమూ ఇవ్వండి. ఎలా గెలుస్తారో రాయమనండి. కొనడం ఆ తర్వాత.

ఆ పిల్లవాడు ఆ రోజు ఏరుకున్నది ఆకుపచ్చ. నాలుగు లానోవార్ ఎల్వ్స్‌తో మొదలుపెట్టి కట్టుకున్నాడు, పదకొండు డాలర్లయింది. మొన్న శనివారం దాంతోనే నన్ను ఓడించాడు. నాలుగు వందల డాలర్ల పేక వాళ్ల నాన్న అల్మారాలో ఉందట.