మన ఇంటి పంచాంగం

ఉగాది వచ్చింది. ఇంటింటికీ మామిడి తోరణాలు కట్టారు. వేపపువ్వు, కొత్త చింతపండు, కొత్త బెల్లం, మామిడికాయ ముక్కలు కలిపి పచ్చడి చేశారు. సాయంత్రం అందరూ గుడి దగ్గర కూర్చున్నారు. అయ్యవారు పంచాంగం చదివారు. ఈ ఏడు వానలు ఎట్లా ఉంటాయో చెప్పారు. ఏ రాశి వారికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని కూడా చెప్పారు.

ఆదాయం అంటే రాబడి. వ్యయం అంటే ఖర్చు.

పంచాంగంలో 12 రాశులకు లెక్క ఉంటుంది. మీ ఒక్క ఇంటి లెక్క అందులో ఉండదు. మీ ఇంటికి ఏ నెలలో ఎంత వస్తుంది? ఏ నెలలో ఎంత పోతుంది? ఏ నెలలో ఏ పని చెయ్యాలి? ఈ పంచాంగం మీరే రాసుకోవాలి. దానికి ఒక పుస్తకం చాలు.

లెక్క ఎవరి దగ్గర ఉంది?

అనంతపురం జిల్లాలో ఒక పల్లె అనుకోండి. ఆ పల్లెలో ఒక ఇల్లు. ఇంట్లో అవ్వ, కొడుకు, కోడలు, మనవరాలు, మనవడు ఉన్నారు. మూడెకరాల ఎర్రనేల ఉంది. వాన పడితేనే పంట. ఏటా వేరుశనగ వేస్తారు. రెండు పొట్టేళ్ళు ఉన్నాయి. చేనిలో పని లేనప్పుడు కూలికి పోతారు.

కిందటి ఉగాదికి అంగడాయన దగ్గర 10,000 రూపాయలు అప్పు చేశారు. నూటికి నెలకు మూడు రూపాయలు వడ్డీ. ఈ ఉగాదికి అంగడాయన తన పుస్తకం తెరిచి 13,600 అన్నాడు.

కొడుకు తల గోక్కున్నాడు. "అంతెట్లా అయింది?" అని ఇంటికి వచ్చి అడిగాడు.

అవ్వ రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. కూడికలు, గుణకారాలు నేర్చుకుంది. పలక తీసుకుంది.

"నూటికి మూడు. వెయ్యికి ముప్పై. పదివేలకు నెలకు 300. పన్నెండు నెలలకు 3,600. ఆయన లెక్క సరిగ్గానే ఉంది నాయనా. మనకే లెక్క లేదు" అన్నది.

మనవరాలు పదో తరగతి పరీక్షలు రాస్తోంది. జూన్‌లో ఇంటర్‌లో చేరాలి. ఫీజుకు, పుస్తకాలకు, బట్టలకు 6,000 రూపాయలు కావాలి.

"పదితో చాలు. ఇంకా అప్పు ఎక్కడ తెచ్చేది?" అన్నాడు కొడుకు.

కోడలు ఏమీ అనలేదు. ట్రంకు పెట్టె తెరిచి పిల్లల పాత నోటు పుస్తకాలు బయటికి తీసింది. వాటిలో రాయని కాగితాలు ఊడదీసింది.

"అత్తా, ఏడాదంతా కాగితం మీద పెట్టి చూస్తాం. డబ్బు ఎక్కడ వస్తుందో, ఎక్కడ పోతుందో చూస్తాం. అప్పుడు కదా బడి మానిపించాలో వద్దో తెలిసేది" అన్నది.

ఆ పుస్తకం వాళ్ళు ఎట్లా చేసుకున్నారో చదవండి. మీరూ చేసుకోండి.

పుస్తకం కుట్టడం

పెద్ద తెల్ల కాగితాలు 16 తీసుకోండి. అన్నీ కలిపి మధ్యకు మడవండి. 32 ఆకులు, 64 పేజీలు అవుతాయి. గోనెసంచి కుట్టే దబ్బనంతో మడత మీద మూడు చోట్ల పొడవండి. గట్టి దారంతో కుట్టండి. పాత క్యాలెండరు అట్టను పైన తొడగండి. అట్ట మీద మీ పేరు, ఊరి పేరు, కొత్త సంవత్సరం పేరు రాయండి.

పేజీలకు అంకెలు వేయండి. 64 పేజీలను ఇట్లా పంచుకోండి.

1వ పేజీ: ఈ ఏడు కావలసినవి.
2, 3 పేజీలు: ఏడాది చక్రం.
4 నుంచి 55 వరకు: నెలల పేజీలు. నెలకు 4 పేజీలు.
56 నుంచి 59 వరకు: అప్పులు.
60 నుంచి 63 వరకు: పొదుపు.
64వ పేజీ: అవసరానికి ఫోన్ నంబర్లు.

నెలలు 12 కదా! 52 పేజీలు 13 నెలలకు సరిపోతాయి. ఒక నెల ఎక్కువ ఎందుకు? తెలుగు నెలలు చంద్రుడి నడకను బట్టి వస్తాయి. అట్లా 12 నెలలు కలిపితే 354 రోజులే. సూర్యుడి ఏడాది 365 రోజులు. 11 రోజులు తక్కువ పడతాయి. అందుకే రెండు మూడు ఏళ్ళకు ఒకసారి అధిక మాసం వస్తుంది. ఆ ఏడు ఇల్లు 13 నెలలు గడవాలి. అధిక మాసం లేని ఏడు ఆ నాలుగు పేజీలు పిల్లలు బొమ్మలు వేసుకోవడానికి ఇవ్వండి.

మొదటి పేజీ

ఈ ఏడు మీ ఇంటికి ఏమేమి కావాలి? మూడు మాత్రమే రాయండి. మాట రాయడం కష్టమైతే బొమ్మ వేయండి. బొమ్మ కూడా లెక్కే. దాన్ని చూసి ఇంట్లో అందరికీ అర్థం కావాలి. అంతే.

ఆ ఇంట్లో మొదటి బొమ్మ మనవరాలే వేసింది. రెండు జడల పిల్ల, చేతిలో పుస్తకాలు. దాని కింద అవ్వ "జూన్, 6,000" అని రాసింది. రెండో బొమ్మ అంగడి. అంగడి మీద అడ్డగీత. అంటే అప్పు తీరాలి. మూడోది ఇంటి కప్పు. వాన కారే చోట నీలం చుక్కలు పెట్టారు.

ఏడాది చక్రం

2, 3 పేజీల మీద పళ్ళెం బోర్లించి చుట్టూ గీత గీయండి. గుండ్రని చక్రం వస్తుంది. నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీస్తే నాలుగు ముక్కలు. ఒక్కో ముక్కను మూడు చేయండి. 12 ముక్కలు అవుతాయి. వాటిలో చైత్రం నుంచి ఫాల్గుణం వరకు నెలల పేర్లు రాయండి. అధిక మాసం ఉన్న ఏడు ఆ పేరు చక్రం బయట రాయండి.

ఇప్పుడు రంగులు పెట్టండి. రంగులు కొనక్కరలేదు. పసుపు, కుంకుమ, ఆకు పసరు, బొగ్గు చాలు.

పండుగకు పసుపు.
చేని పనికి ఆకుపచ్చ.
అప్పు కట్టే నెలకు ఎరుపు.
చేతిలో డబ్బు ఉండని నెలకు నలుపు.

పల్లెలో మూడు రకాల రోజులు నడుస్తాయి. పండుగలు తిథిని బట్టి వస్తాయి. బడి, బ్యాంకు ఇంగ్లీషు తేదీని బట్టి నడుస్తాయి. సేద్యం కార్తెను బట్టి నడుస్తుంది. ఏడాదికి 27 కార్తెలు. ఒక్కో కార్తె 13, 14 రోజులు ఉంటుంది. కార్తెలు సూర్యుడి నడకను బట్టి వస్తాయి. అందుకే ఏటా దాదాపు అదే ఇంగ్లీషు తేదీకి వస్తాయి. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. ఆరుద్ర కార్తె జూన్ 21, 22 తేదీల్లో వస్తుంది. ఈ మూడూ ఒకే చక్రంలో రాసుకుంటే ఏ పని మీద ఏ పని పడుతుందో కనిపిస్తుంది.

ఆ ఇంటి చక్రంలో జ్యేష్ఠం, ఆషాఢం ముక్కలు పూర్తిగా నల్లగా అయ్యాయి. వేరుశనగ విత్తనం కొనాలి. మడక కూలి ఇవ్వాలి. బడి ఖర్చు కూడా అప్పుడే. చేతికి వచ్చేది మాత్రం ఏమీ లేదు. ఏటా అప్పు పుట్టేది ఆ రెండు నెలల్లోనే అని కొడుక్కి అప్పుడు తెలిసింది.

"మరి పొట్టేళ్ళు ఎప్పుడు అమ్ముతున్నాం?" అని కోడలు అడిగింది.

"సంక్రాంతికి. ఏదో ఒక అవసరం పడుతుంది కదా!"

"బక్రీదు ముందయితే ధర బాగా వస్తుంది నాయనా" అన్నది అవ్వ. "ఈ ఏడు బక్రీదు ఎప్పుడో చూడండి."

మనవరాలు క్యాలెండరు చూసింది. బక్రీదు ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఈ ఏడు బడి తెరవక ముందే ఉంది. కోడలు జ్యేష్ఠం ముక్కలో పొట్టేలు బొమ్మ వేసింది. నల్లని ముక్కలో ఒక బొమ్మ చేరింది.

నెల పేజీలు

ప్రతి నెలకు 4 పేజీలు ఉన్నాయి.

మొదటి పేజీలో చేయవలసిన పనులు రాయండి. పని అయిపోతే టిక్కు పెట్టండి.
రెండో పేజీలో రాబడి రాయండి.
మూడో పేజీలో ఖర్చు రాయండి.
నాలుగో పేజీలో "లేకపోతే" అని పైన రాయండి.

"లేకపోతే" పేజీ ఎందుకు? వాన మన చేతిలో లేదు. ధర మన చేతిలో లేదు. ఒంట్లో బాగా లేకపోవచ్చు. అనుకున్నది జరగకపోతే ఏమి చెయ్యాలో ముందే రాసుకోవాలి.

కొడుకు కూడా ఇదే అడిగాడు. "ఇంత రాస్తున్నారు. వాన రాకపోతే ఈ పుస్తకం ఏం చేసుకోవాలి?"

"ఆగస్టు అయినా పదును పడకపోతే ఏమి వేస్తావు?" అన్నది అవ్వ.

"ఉలవలు వేస్తా."

"అయితే ఆ మాట నువ్వే రాయి."

కొడుకు పెన్ను పట్టుకున్నాడు. "వాన రాకపోతే ఉలవ" అని రాశాడు. పుస్తకంలో అతను రాసిన మొదటి మాట అదే. తర్వాత ఉలవ విత్తనం ఎంత కావాలో కూడా తనే రాశాడు.

అప్పుల పేజీలు

ఎవరి దగ్గర, ఏ తేదీన, ఎంత తెచ్చారు, వడ్డీ ఎంత, ఎంత కట్టారు, ఇంకా ఎంత ఉంది? ఈ ఆరూ రాయాలి.

కొన్ని జాగ్రత్తలు గుర్తు పెట్టుకోండి. రాయని కాగితం మీద సంతకం పెట్టవద్దు. వేలిముద్ర వేయవద్దు. ప్రోనోటులో ఎంత రాశారో, ఏ తేదీ వేశారో, వడ్డీ ఎంత రాశారో చదివిన తర్వాతే సంతకం చేయండి. డబ్బు కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించండి. అదే రోజు మీ పుస్తకంలో కూడా రాయండి. అప్పు పూర్తిగా తీరిపోతే నోటు వెనక్కి తీసుకోండి.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. పదివేల అప్పుకు మూడు రూపాయల వడ్డీ అయితే నెలకు 300. మహిళా సంఘంలో రూపాయి వడ్డీకి దొరికితే నెలకు 100. తేడా 200. ఏడాదికి 2,400.

కోడలు తన సంఘంలో అడిగింది. పదివేలు ఇస్తామన్నారు. ఆ డబ్బుతో అంగడాయన అసలు కట్టేస్తారు. మిగిలిన 3,600 కూలి డబ్బుతో రెండు విడతలుగా కడతారు. ఆ రెండు నెలల్లోనూ కుంకుమ బొట్టు పెట్టారు. సంఘం అప్పు పంట వచ్చాక తీరుస్తారు. కార్తీకంలో కూడా కుంకుమ బొట్టు పెట్టారు.

పొదుపు ముగ్గు

పొదుపు పేజీలో ప్రతి నెలకు ఒక ముగ్గు. ఆరు చుక్కలు చొప్పున ఐదు వరుసలకు చోటు వదలండి. మొత్తం 30 చుక్కలు. డబ్బు దాచిన రోజు ఒక చుక్క పెట్టండి. దాచని రోజు ఖాళీ సున్న చుట్టండి. అమావాస్య నాడు చుక్కలు కలిపి ముగ్గు వేయండి. ముగ్గు నిండుగా వచ్చిందా, తెగిపోయిందా చూడగానే తెలుస్తుంది.

చిన్న మొత్తం అని తీసివేయవద్దు. నెల్లూరు జిల్లాలో రాత్రి బళ్ళలో చదువుకున్న ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడ్డారు. దూబగుంటలో మొదలైన పోరాటం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధించారు. ఆ తర్వాత ఆ జిల్లా ఆడవాళ్ళు పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. రోజుకు ఒక్క రూపాయి దాచారు. రోజుకు రూపాయి అంటే ఏడాదికి 365. వంద మంది దాస్తే 36,500. సారా అంగడికి పోయే డబ్బు పొదుపు పెట్టెలోకి వచ్చింది.

చివరి పేజీ

ఈ నంబర్లు పెద్ద అక్షరాలతో రాయండి. చిన్న పిల్లలు కూడా చదవగలగాలి.

108: అంబులెన్సు.
112: పోలీసు, ఇతర అత్యవసర సాయం.
181: ఆపదలో ఉన్న మహిళలకు.
1098: ఆపదలో ఉన్న పిల్లలకు.
1962: పశువుల వైద్యానికి.

వారానికి ఒక పూట

పుస్తకం కుట్టి అటక మీద పెడితే లాభం లేదు. వారానికి ఒక పూట పెట్టుకోండి. ఆ ఇంట్లో ఆదివారం రాత్రి అన్నాలు తిన్నాక పుస్తకం తెరుస్తారు. అవ్వ చదువుతుంది. కోడలు రాస్తుంది. పిల్లలు కూడిక చేస్తారు. కొడుకు వారంలో పెట్టిన ఖర్చు చెప్తాడు. మొదట్లో బీడీల ఖర్చు చెప్పలేదు. మూడో వారం చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. రాసుకున్నారు.

జ్యేష్ఠంలో ఒక పొట్టేలు అమ్మారు. పొదుపులో ఉన్నది కలిపితే 5,400 అయింది. ఇంకా 600 తక్కువ. బట్టలు ఒక జత తగ్గించుకుంటానని మనవరాలు చెప్పింది. ఇంటర్‌లో చేరింది. ఇంటి కప్పు ఈ ఏడు వేయించలేకపోయారు. నీలం చుక్కల బొమ్మ పక్కన అవ్వ "వచ్చే ఏడు" అని రాసింది.

కొత్త మాటలు

ఆదాయం: రాబడి.
వ్యయం: ఖర్చు.
అసలు: వడ్డీ కలపని అప్పు.
చెల్లు: కట్టిన డబ్బును నోటు వెనక రాయడం.
పదును: విత్తడానికి సరిపడే తడి.

చెప్పండి

1. అంగడాయన 13,600 ఎందుకు అడిగాడు?
2. పుస్తకంలో 13 నెలలకు పేజీలు ఎందుకు పెట్టారు?
3. "లేకపోతే" పేజీలో కొడుకు ఏమి రాశాడు?
4. మీ ఇంట్లో ఏ నెలలు నల్లని నెలలు?

లెక్క చేయండి

1. 5,000 రూపాయలు అప్పు. నూటికి నెలకు రెండు రూపాయలు వడ్డీ. ఆరు నెలలకు వడ్డీ ఎంత?
2. రోజుకు 5 రూపాయలు దాస్తే 30 రోజులకు ఎంత? 365 రోజులకు ఎంత?

రాయండి

ఈ ఏడు మీ ఇంటికి కావలసిన మూడింటి పేర్లు రాయండి. ఒక్కో దాని పక్కన ఏ నెలలో కావాలో, ఎంత కావాలో రాయండి. తర్వాత మీ ఇంట్లో వారికి చదివి వినిపించండి.