పికప్పు బండి వెనుక బ్రేకు షూలను ఇంటివద్ద మార్చుకొను విధము

టమాటను మదనపల్లె మార్కెటునకో, మిర్చిని గుంటూరు యార్డునకో స్వంత పికప్పు బండిలో వేసికొని పోవు రైతులు నేడు పెక్కుమంది కలరు. ఇట్టి బండ్లలో హెచ్చు వానికి ముందు చక్రములకు డిస్కు బ్రేకులును, వెనుక చక్రములకు డ్రమ్ము బ్రేకులును ఉండును. డ్రమ్ము మూతవలె కప్పియుండుటచేత లోపలి షూలు ఎంత అరిగినవో బయటికి కానరాదు. బండి ఖాళీగా నున్నపుడు ఆపెడు పనిని చాలవఱకు ముందు బ్రేకులే చేయును గనుక, వెనుకవి చెడినను నడుపువానికి వెంటనే తెలియదు. 1,300 మొదలు 1,700 కిలోల సరకు నెత్తి, అనంతగిరి ఘాటువంటి త్రోవను దిగునపుడు సరకు బరువులో హెచ్చుభాగము వెనుక ఇరుసుమీద నుండును. ఆ షూల యక్కఱ అప్పుడు కలుగును.

షూలు మార్చుట, ఓపికయు శుభ్రతయు గల రైతునకు మించిన పని కాదు. నీటి ఇంజను విప్పి మరల బిగించుకొనగలవారు దీనికి వెఱవ నక్కఱలేదు. అయితే అపాయము షూలు మార్చుటలో కంటె బండిని ఎత్తుటలోనే యెక్కువ గలదు. కావున ఆ సంగతిని ముందుగా చెప్పవలసియున్నది.

వెనుక చక్రములతో నడుచు బండిలో హ్యాండు బ్రేకు సాధారణముగా వెనుక చక్రములనే పట్టును. బండిని గేరులో నుంచినను ఆ పట్టు చేరునది వెనుక చక్రములకే. ఒక వెనుక చక్రమును నేలనుండి లేపినంతనే గేరు పట్టు పోవును. ఏలయన, గాలిలోని చక్రము తిరుగుటకు వీలున్నపుడు డిఫరెన్షియలు నేలమీది చక్రమును గూడ దొర్లనిచ్చును. పైగా డ్రమ్ము ఊడివచ్చుటకు హ్యాండు బ్రేకును విడువక తప్పదు. ఇక బండిని నిలుపునవి ముందు చక్రములకు వేసిన అడ్డుదిమ్మలు మాత్రమే. కావున సరకంతయు దింపి, బండిని చదునైన గట్టినేలమీద నిలిపి, ముందు చక్రములు రెండింటికిని ముందు వెనుకల గట్టి కొయ్యదిమ్మలను బిగియ గొట్టవలెను. వీలు నట్లను చక్రము నేలమీద నున్నపుడే కొంచెము వదులు చేసి, పిమ్మట జాకీతో ఎత్తవలెను. జాకీ ఎత్తుటకే గాని బరువు మోయుచు నిలుచుటకు కాదు. ఇరుసు గొట్టము క్రింద ఇనుప స్టాండు నుంచి, బరువును దానిపైకి దింపవలెను. ఇటుకలు పేర్చి పని కానిచ్చుట కొందఱి యలవాటు. ఇటుక పగులుటకు ముందు చప్పుడైనను చేయదు. ఒక జత స్టాండులను, ఒక టార్కు పానాను సంఘమే కొని యుంచినచో సభ్యులందఱికిని వంతులవారీగా ఉపయోగపడును.

చక్రము తీసిన పిదప డ్రమ్మును ఇవతలికి లాగవలెను. తుప్పుపట్టి రానియెడల సమ్మెటతో అంచును బాదరాదు. అది పోత ఇనుము, పగులును. చాల డ్రమ్ములకు మరలు గల రెండు రంధ్రములుండును. వానిలో తగిన బోల్టులను సమముగా బిగించుచు పోయినచో డ్రమ్ము తనంతట వెలికి వచ్చును. కొన్ని పెద్ద బండ్లలో డ్రమ్ము హబ్బుతో కలిసియుండి, ఇరుసు కడ్డీని లాగినగాని రాదు. అది వర్కుషాపు పని.

లోపల నల్లని పొడి కనబడును. దానిని నోటితో ఊదుటయు, గాలి కొట్టి ఎగురగొట్టుటయు మన మెకానికుల వాడుకయే గాని, మిక్కిలి చెడ్డది. కొన్ని లైనింగులలో, ముఖ్యముగా పాతవానిలో, ఆస్బెస్టాసు నార యుండవచ్చును. అది ఊపిరితిత్తులలో చేరినచో పెక్కు సంవత్సరములకు క్యాన్సరు కలిగింపగలదు. పొడిని సబ్బునీటితో తడిపి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను తడిగానే సంచిలో మూటగట్టవలెను. పశువుల కొట్టమువద్దను, ధాన్యమువద్దను ఈ పని పెట్టుకొనరాదు.

స్ప్రింగులు విప్పకముందే లైనింగును పరీక్షింపవలెను. అది తడిసియున్నచో దోషము షూలలో లేదు. చిక్కగా జిడ్డుగా, గంధకపు వాసనతో నున్నది ఇరుసులోని గేరు ఆయిలు. సీలు పోయినదని దాని అర్థము. పలుచగా నుండి రంగును లేవగొట్టునది బ్రేకు ఆయిలు. అది వీలు సిలిండరునుండి కారుచున్నది. ఆ కారుటను మాన్పక క్రొత్త షూలు వేసిన, అవియు కొలదిదినములలో తడిసి జారును. డబ్బును రెండుసార్లు పెట్టువారు ఈ పరీక్ష చేయనివారే.

పనిని ఒకసారి ఒక ప్రక్కనే చేయవలెను. ఏ స్ప్రింగు ఏ రంధ్రమున నున్నదో మఱచినయెడల రెండవ ప్రక్క మాదిరిగా నుండును. కాని అది అద్దములోని బింబమువలె తారుమారుగా కనబడునని జ్ఞాపకముంచుకొనవలెను. విప్పుటకు ముందు ఫోనుతో ఒక చిత్రము తీసికొనుట యింకను మేలు. స్ప్రింగులు బలముగా ఎగిరిపడును గనుక కండ్లద్దములు పెట్టుకొనవలెను. షూలు లేని సమయమున ఎవ్వరును పెడలు తొక్కరాదు. తొక్కినచో సిలిండరులోని పిస్టను బయటపడును. పిల్లలను సీటుమీదికి ఎక్కనీయకుండుట మంచిది.

రెండు షూల లైనింగులును సమముగా లేనియెడల కుఱచది ముందువైపునను, పొడవైనది వెనుకవైపునను ఉండుట సాధారణము. షూ ఆనుచోట్ల వేడికి కరగని గ్రీజును గోటిమీది మచ్చంత రాయవలెను. లైనింగునకు గ్రీజు చేయి తగులరాదు. అడ్జస్టరు మరలను శుభ్రము చేయవలెను. కుడియెడమల మరలు ఎదురెదురుగా తిరుగునవి గనుక ఒక ప్రక్కది రెండవ ప్రక్కకు వేయరాదు. డ్రమ్ముమీద దాని గరిష్ఠ వ్యాసము తఱచుగా పోతపోయబడి యుండును. అరిగి అంతకు మించినచో డ్రమ్మునుకూడ మార్చవలెను. ఒక ప్రక్క షూలు బాగుగానే యున్నవని వదలరాదు. రెండు చక్రములకును ఒకేసారి మార్చనిచో బండి ఒక ప్రక్కకు లాగును.

డ్రమ్ము తొడిగి, చేతితో త్రిప్పినపుడు షూ కొంచెము రాచుకొను చప్పుడు వినబడువఱకు అడ్జస్టరు త్రిప్పి, చక్రము సులువుగా తిరుగునంత వెనుకకు వదలవలెను. రెండు ప్రక్కలును ముగిసిన పిదప, బండిని కదల్చకముందే, గట్టిగా తగులువఱకు పెడలును పలుమాఱులు తొక్కవలెను. పెడలు దూదివలె మెత్తగా నున్నచో గొట్టములలో గాలి చేరినదన్నమాట. దానిని తీయించువఱకు రోడ్డెక్కరాదు. ఆయిలు తగ్గిన, డబ్బా మూతపై వ్రాసిన రకమునే పోయవలెను. ఇంజను ఆయిలును, కిరసనాయిలును రబ్బరును ఉబ్బించి పాడుచేయును.

మొదటి దినము సరకు వేయక, జనసంచారము లేని త్రోవలో 30 లేక 40 కిలోమీటర్ల వేగమునుండి మెల్లగా ఇరువది మాఱులు ఆపి చూడవలెను. ఆగునప్పటికి డ్రమ్ము కాలుచున్న వాసన వచ్చినచో అడ్జస్టరు బిగుతైనది. హ్యాండు బ్రేకు తీగను ఆఖరున సరిచేయవలెను. వీలు నట్లను ఎదురెదురుగా బిగించి, సుమారు 100 కిలోమీటర్లు నడిచిన పిమ్మట మరల నొకమాఱు పానా వేసి చూడవలెను.